ముందు వరసలో ఖాళీ కుర్చీ

పని మొత్తం రెండు నిమిషాల్లో అయిపోవాలి. దాటాల్సిన దూరం పదకొండు అడుగులు. దారిలో అడ్డం ఒక్క ఎర్రతాడు. తాడుకి అవతల మెత్త వేసిన చేతుల కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటుంది.

స్టోర్‌కీపర్ ఈ లెక్క వారం రోజులుగా మనసులో వేసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసినవాడికి పదకొండు అడుగులు ఒక లెక్కా అనిపించవచ్చు. కానీ ఆ ఇరవై రెండేళ్ళూ ఆయన పనిచేసింది బూట్ల గోదాములో. శత్రువనేవాణ్ణి ఆయన ఫోటోలో కూడా చూడలేదు. పోరాడిందల్లా ఎలకలతో. అందులోనూ విజయం ఎలకలదే.

మాజీ సైనికుల సంఘం హాల్లో ఒక కట్టుబాటు ఉంది. యుద్ధం చూసినవాళ్ళది ముందు వరస. తొమ్మిది చేతుల కుర్చీలు. వాటి వెనక ఈ గోడ నుంచి ఆ గోడకి ఎర్రతాడు. తాడుకి ఇవతల ప్లాస్టిక్ కుర్చీల్లో మిగతావాళ్ళు: వంటవాళ్ళు, గుమాస్తాలు, డ్రైవర్లు, బ్యాండువాళ్ళు. వీళ్ళని సంఘంలో గోదాం బ్యాచ్ అంటారు. ముందు వరసకి టీ పింగాణీ కప్పుల్లో వస్తుంది. గోదాం బ్యాచ్‌కి కాగితం కప్పుల్లో, అదీ మిగిలితే వస్తుంది. పదకొండేళ్ళుగా స్టోర్‌కీపర్ మూడో ప్లాస్టిక్ వరసలో కూర్చుని, ఆ మిగిలింది తాగి, ఇంటికి పోతున్నాడు. లోపల ఎంత గుచ్చుకున్నా బయటికి అనలేదు.

వచ్చిన చిక్కల్లా వియ్యంకుడితో.

ఆయన కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆరేళ్ళ కిందట, పెళ్ళి మాటలకి వచ్చిన రోజున, స్టోర్‌కీపర్ కుంటుకుంటూ వచ్చి కూర్చోవడం చూశాడు. సంబంధం ఇంకా ఖాయం కాకుండానే వరస కలిపేసి, "ఆ కాలు యుద్ధంలోనా బావగారూ?" అని అడిగాడు. అప్పుడు స్టోర్‌కీపర్ నోటినిండా పొగలు కక్కే కాఫీ ఉంది. మింగలేడు, ఉమ్మలేడు. కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి వియ్యంకుడు లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. కాఫీ గొంతు దిగేసరికి పెళ్ళి ఖాయమైపోయింది.

నిజానికి ఆ కాలి మీద పడింది పన్నెండో నంబరు బూట్ల పెట్టె. పై అరలోంచి జారింది. కాఫీ చల్లార్చుకుని తాగి ఉంటే ఈ గోల ఉండేది కాదు కదా అని ఆయన భార్య ఆరేళ్ళుగా అంటూనే ఉంది.

ఇప్పుడా వియ్యంకుడు, తల్లితోపాటు అమ్మమ్మగారింటికి వచ్చిన మనవణ్ణి చూసే వంకతో పదిరోజులు ఉండేలా దిగాడు. దిగినరోజే ఫ్రిజ్ మీద సంఘం వార్షికోత్సవం కార్డు చూశాడు. కుటుంబ సభ్యులకు సాదర ఆహ్వానం అని ఉంది. ఇంకేం, తనూ వస్తానన్నాడు. ముందు వరసలో బావగారి ఫోటో తీసి పట్టుకొస్తానని, పొద్దున్నే తనతో నడకకొచ్చే పదిమందికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. అల్లుడికీ, మనవడికీ, వాళ్ళ వీధి మొత్తానికీ స్టోర్‌కీపర్ యుద్ధవీరుడు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కనిపించిన మరుక్షణం ఆరేళ్ళ పరువు గంగలో కలుస్తుంది. కూతురు అత్తవారింట్లో తలెత్తుకోలేదు.

ముందు వరసలో ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడని తెలిసి, స్టోర్‌కీపర్ సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాడు. ఆ కుర్చీలో ఒక్క గంట కూర్చోనివ్వమని అడిగాడు. అధ్యక్షుడు మాజీ మేజరు. కుర్చీ ఖాళీగా ఉండటం వేరు, తాడు దాటటం వేరు అన్నాడు. ఇవాళ గోదాం వస్తే రేపు వంటిల్లొస్తుంది అని కూడా అన్నాడు.

ఆ రెండో మాట గోదాం బ్యాచ్‌లోని వంటాయన చెవిన పడింది. అక్కడే కుట్రకి బీజం పడింది.

వంటాయన, బ్యూగిల్ ఊదే ఆయన ఒకే శిక్షణ శిబిరంలో ఇరవై ఏళ్ళు చేశారు. ఒకాయన వండేవాడు, ఇంకొకాయన ఊదేవాడు. బ్యూగిలాయన పుల్లలా ఉంటాడు; తన వంట తిని అలా అయ్యాడని వంటాయన ఒప్పుకోడు. ముగ్గురూ టీ కొట్లో కూర్చుని, బల్ల మీద బిస్కెట్లు పేర్చి, హాలు పటం తయారుచేశారు. జీవితంలో మొదటిసారి చేస్తున్న సైనిక వ్యూహం కాబట్టి గొంతులు తగ్గించి మాట్లాడారు. మధ్యలో బ్యూగిలాయన ముందు వరసని తినేశాడు. మళ్ళీ కొనాల్సి వచ్చింది.

వ్యూహం ఇది. సభ మొదట్లో అమరులకు నివాళి ఉంటుంది. అందరూ లేచి, తలలు దించి, కళ్ళు మూసుకుంటారు. నివాళి రాగం పూర్తయ్యేదాకా, అంటే రెండు నిమిషాలు, ఎవరూ కళ్ళు తెరవరు. ఆ రెండు నిమిషాల్లో స్టోర్‌కీపర్ పక్కవసారాలోంచి వచ్చి, తాడు దాటి, ఖాళీ కుర్చీ ముందు నిలబడాలి. అందరూ కూర్చున్నప్పుడు ఆయనా కూర్చుంటాడు. వియ్యంకుడు ఫోటో తీసుకుంటాడు. సభలో అతిథుల ఎదుట లేవగొట్టేంత ధైర్యం అధ్యక్షుడికి ఉండదు.

ఏటా నివాళి రాగాన్ని టేపు రికార్డరు వాయించేది. ఈ ఏడు అది పాడైంది కాబట్టి బ్యూగిలాయన తను ఊదుతానన్నాడు. సర్వీసులో ఆయన ఊదిందల్లా భోజనం పిలుపే. నివాళి రాగం వారం రోజులు డాబా మీద సాధన చేశాడు. ఎవరు పోయారోనని పక్కింటివాళ్ళు పరామర్శకి వచ్చారు. రాగం బాగానే కుదిరిందన్నమాట.

అందరి కళ్ళూ మూసుకున్నాయో లేదో చూసే పని వంటాయనది. ఆయన పక్క తలుపు దగ్గర నిలబడతాడు. అంతా సవ్యంగా ఉంటే కుడిచెయ్యి ఎత్తుతాడు. ఆ సైగ చూసి బ్యూగిలాయన అందుకుంటాడు.

ఎన్నిసార్లు సరిచూసుకున్నా ఈ వ్యూహంలో లోపం ముగ్గురికీ కనబడలేదు.

వార్షికోత్సవం నాడు పొద్దున పది గంటలకి హాలు నిండింది. వియ్యంకుడు కోటు వేసుకుని, కెమెరా మెడలో తగిలించుకుని, కుటుంబ సభ్యుల వైపు కూర్చున్నాడు. బావగారేరని అడిగితే, ఏర్పాట్లు చూస్తున్నారని స్టోర్‌కీపర్ భార్య చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడలేదు కాబట్టి ఆయన నమ్మాడు.

అధ్యక్షుడు నివాళి అన్నాడు. అందరూ లేచారు. తలలు వంగాయి. కళ్ళు మూసుకున్నాయి.

వంటాయన హాలంతా ఒకసారి కలియజూశాడు. కుడిచెయ్యి ఎత్తాడు.

శిబిరంలో ఇరవై ఏళ్ళు, పూటపూటా, వంటాయన గుడారం ముందు నిలబడి ఇలాగే కుడిచెయ్యి ఎత్తేవాడు. భోజనం సిద్ధం అని దానర్థం. అది చూసి బ్యూగిలాయన ఊదేవాడు. ఆ చేతికీ ఈ ఊపిరికీ మధ్య బుర్ర ఏనాడూ అడ్డు రాలేదు. ఇవాళా రాలేదు.

హాలు దద్దరిల్లేలా భోజనం పిలుపు మోగింది.

అరవైమంది ముసలి సైనికులు, కళ్ళు మూసుకునే, వెనక్కి తిరిగారు. కాళ్ళకి తెలిసిన సంగతి తలకి తెలిసేలోపే నడక మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలు పక్కకి జరిగాయి. చేతుల కుర్చీలవాళ్ళు తాడు మీద పడ్డారు. తాడు మేకులతో సహా ఊడొచ్చింది. అరనిమిషంలో హాలు వెనకున్న టీ బల్ల ముందు చక్కటి వరస తయారైంది. ఎవరు ముందొస్తే వాళ్ళే ముందు. ఒక డ్రైవరు, ఇద్దరు గుమాస్తాలు, వాళ్ళ వెనక చేతిలో ఖాళీ కప్పుతో అధ్యక్షుడు. ఆ కప్పు ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

హాలు ముందు భాగంలో నేల మీద ఉన్నది ఒక్క స్టోర్‌కీపర్. ఊడిన తాడు కుంటికాలికి చుట్టుకుని, ఖాళీ కుర్చీకి రెండడుగుల దూరంలో బోర్లా పడి ఉన్నాడు.

వియ్యంకుడు పరుగున వెళ్ళి లేవదీశాడు. సరిగ్గా అప్పుడే, అందరికంటే నెమ్మదిగా నడిచే మెడల్ గారు కర్ర పొడుచుకుంటూ అటు వచ్చాడు. సంఘం మొత్తం మీద ధైర్యానికి పతకం వచ్చింది ఆయనొక్కడికే. అందుకని పేరు పోయి మెడల్ మిగిలింది. వియ్యంకుడు ఆయన ఛాతీ మీది పతకం చూసి, ఒక వీరుణ్ణి ఇంకో వీరుడికి అప్పగిస్తున్న గర్వంతో, "మా బావగారి కాలండీ. యుద్ధంలో పోయింది. కాస్త పట్టుకోండి" అన్నాడు.

మెడల్ గారు పట్టుకోలేదు. ఏ యుద్ధం, ఏ దళం అని అడిగాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఈసారి స్టోర్‌కీపర్ నోట్లో కాఫీ లేదు.

"యుద్ధం కాదు సార్. బూట్ల గోదాం. రెండో నంబరు డిపో."

వియ్యంకుడి చెయ్యి ఆయన భుజం మీంచి జారింది. మెడల్ గారి మొహం ఎర్రబడింది. ఆయన కర్ర ఎత్తి స్టోర్‌కీపర్ ఛాతీకి ఆనించాడు.

"ముప్ఫై నాలుగేళ్ళ కిందట, మా దళం లారీలెక్కే పొద్దున, కిటికీలోంచి బూట్లు గిరాటేసింది నువ్వేనా?"

"ఆరొందల జతలు సార్. రెండు గంటల్లో ఇమ్మన్నారు."

"నాది తొమ్మిదో నంబరు. లారీ కదిలాక తాళ్ళు విప్పి చూశాను. రెండూ ఎడమవే."

స్టోర్‌కీపర్ తల వంచుకున్నాడు. ఆనాటి సాయంత్రం సరుకు సరిచూసుకుంటే తొమ్మిదో నంబరువి రెండు కుడి బూట్లు మిగిలాయి. ఎవరికీ చెప్పలేదు. ఎవడో అభాగ్యుడు ఆ రెండు ఎడమ బూట్లతో యుద్ధానికి వెళ్ళాడన్న సంగతి ఆయన్ని ముప్ఫై నాలుగేళ్ళు పీక్కుతింది. అది మాత్రం గట్టిగా అనలేక, "కుడివి నా దగ్గరే ఉండిపోయాయి సార్" అన్నాడు.

పతకం సంగతి ఏటా వేదిక మీంచి చదువుతారు. దళమంతా వెనక్కి తగ్గినా ఒక్కడే గట్టు మీద నిలబడి శత్రువుని ఆపాడని. ఇప్పుడు మెడల్ గారు అసలు సంగతి చెప్పాడు. వెనక్కి రమ్మని అందరితోపాటు ఆయనకీ ఆర్డరొచ్చింది. అందరూ పరుగెత్తారు. ఆయనా పరుగెత్తాడు. రెండు ఎడమ బూట్లూ ఆయన్ని గుండ్రంగా తిప్పి మళ్ళీ తుపాకీ దగ్గరికే తెచ్చాయి. రెండోసారి ప్రయత్నిస్తే శత్రువుకి ఇంకాస్త దగ్గరగా తెచ్చాయి. మూడోసారి ప్రయత్నించే ధైర్యం లేక అక్కడే బోర్లా పడుకుని, ఉన్న తూటాలన్నీ కాల్చాడు. అటు నుంచి చూసినవాళ్ళకి, పారిపోకుండా తమ చుట్టూ తిరుగుతున్న మనిషి ఎలా కనిపించాడో ఏమో, వాళ్ళే వెళ్ళిపోయారు.

టీ వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అధ్యక్షుడు కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకోబోయాడు.

"వీడికోసం ఎన్ని డిపోలకి ఉత్తరాలు రాశానో మీకు తెలీదు," అన్నాడు మెడల్ గారు అందరితో. తర్వాత స్టోర్‌కీపర్ వైపు తిరిగి, ఖాళీ కుర్చీ చూపించాడు. "కూర్చో. నా పక్కన. ముప్ఫై నాలుగేళ్ళ తిట్లున్నాయి. నిలబడి తిట్టడానికి నా నడుము ఒప్పుకోదు."

అధ్యక్షుడు దూరం నుంచే కట్టుబాటు గుర్తుచేశాడు. నన్ను యుద్ధంలో నిలబెట్టినవాడు కూర్చోకూడదంటే నేనూ ప్లాస్టిక్ కుర్చీలోకే పోతానన్నాడు మెడల్ గారు. పతకమున్నవాడు వెనక కూర్చుంటే సభకి ముందేముంటుంది? అధ్యక్షుడు టీ పోయించుకున్నాడు. అందరూ ఒకే వరసలో ఉండటంతో ఆయనకీ కాగితం కప్పే వచ్చింది.

స్టోర్‌కీపర్ కూర్చోలేదు. వియ్యంకుడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆ రోజే నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడు వియ్యంకుడు. కోర్టులో ముప్ఫై ఏళ్ళు విన్న గొంతుతో అడిగాడు.

"నోట్లో కాఫీ ఉందండీ."

"ఆరేళ్ళూనా?"

స్టోర్‌కీపర్ కాలికి చుట్టుకున్న తాడు విప్పి కింద పడేశాడు. తప్పు తనదనీ, తన కూతుర్ని మాత్రం ఏమీ అనవద్దనీ అన్నాడు. వియ్యంకుడు ఆయన్నీ, మెడల్ గారినీ, కింద పడున్న తాడునీ మార్చి మార్చి చూశాడు. నడకకొచ్చే పదిమందికి ఇప్పుడేం చెప్పమంటారని అడిగాడు. ఉన్నదే చెప్పండి అన్నాడు స్టోర్‌కీపర్. వియ్యంకుడు వెనక్కి వెళ్ళిపోయాడు.

సభ మళ్ళీ మొదలైంది. బ్యూగిలాయన ఈసారి ఎవరి చేతివైపూ చూడకుండా, గోడ వైపు తిరిగి, నివాళి రాగం ఊదాడు. చాలా బాగా ఊదాడు. స్టోర్‌కీపర్ మెత్తటి కుర్చీ ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కూర్చున్న క్షణం నుంచీ మెడల్ గారు అందుకున్నాడు. ముందు కాలివేళ్ళ గురించి, తర్వాత మడమ గురించి, ఆపైన గోదాం వాళ్ళ వంశం గురించి. ఒక్క తిట్టూ పోకుండా స్టోర్‌కీపర్ వింటున్నాడు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసినా, తను చేసిన పని గురించి ఇంతసేపు మాట్లాడినవాడు ఇంకొకడు లేడు.

కాసేపటికి వెనక ప్లాస్టిక్ వరసల్లోంచి వియ్యంకుడి గొంతు వినిపించింది. ఆయన వంటాయన పక్కన చేరాడు. గుసగుస అనుకుంటున్నాడు గానీ హాలంతా వినిపిస్తోంది.

"ముందు వరస, ఎడమ నుంచి రెండో ఆయన. మా బావగారు. ఆయన బూట్లు ఇవ్వకపోతే ఆ పతకమే లేదు." తర్వాత వంటాయన వైపు తిరిగి అడిగాడు. "మీరేం చేసేవారు?"

"వంటండీ."

"మీ వంటతో ఎవరికైనా పతకం వచ్చిందా?"

"పతకాలు రాలేదండీ," అన్నాడు వంటాయన. "సిక్ లీవులు వచ్చాయి."

స్టోర్‌కీపర్ నవ్వుతూ వెనక్కి తిరిగాడు. కర్ర వచ్చి ఆయన మోకాలి మీద పడింది.

"ఇటు చూడు. నేనింకా లారీ దిగనే లేదు," అన్నాడు మెడల్ గారు.