అన్నగారు కూర్చోని ఇల్లు

మద్రాసు టి. నగర్‌లో ఇంటీరియర్ డెకొరేటర్ అని బోర్డు కట్టినవాళ్ళలో కోదండరాం మొదటివాడు కాకపోతే రెండోవాడు. పంతొమ్మిదివందల అరవై మూడో సంవత్సరంలో ఆ మాటకు అర్థం ఎవరికి తెలుసు? బోర్డు చూసి, రవికలు కుట్టిపెట్టమని గుడ్డ తెచ్చిన ఆడవాళ్ళు కూడా ఉన్నారట. జార్జి టౌన్‌లో ఎండుమిరపకాయల టోకు వ్యాపారం చేసే అతని అన్న ఆదికేశవులు మాత్రం తిన్నగానే అడిగాడు.

"అంటే ఏం పనిరా అది?"

"ఇంటి లోపల అన్నీ అందంగా అమర్చి పెట్టడం అన్నా."

"దానికి ఆ ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

నిజానికి కోదండరాం అన్నతోపాటు కొట్లో గద్దె మీద కూర్చోవలసినవాడు. గద్దె అంటే సింహాసనం కాదు. నేలమీద పరిచిన పరుపు, దానిమీద తెల్ల దుప్పటి, ఆనుకోవడానికి పొడుగు దిండ్లు, పక్కన గల్లాపెట్టె. తండ్రి పోయిన కొత్తలో కోదండరాం దానిమీద ఒక పూట కూర్చున్నాడు. మిరపఘాటుకు అతను తుమ్మిన తుమ్ములకు వీధి చివర చేతిబండి మీద మూటలు దొర్లిపడ్డాయని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మర్నాటినుంచి అతను కొట్టు మొహం చూడలేదు.

ఆదికేశవులు కోప్పడలేదు. కోప్పడితే సులువుగా పోయేది.

"సరే, పో. నేను కూర్చోదగ్గ చోటు నీ ఇంట్లో ఎప్పుడు అమరస్తావో ఆ రోజు కూర్చుంటా. అందాకా నిలబడే పొయ్యొస్తా" అన్నాడు.

అన్నట్టే చేశాడు. ఏటా ఆయుధపూజ మర్నాడు, కొట్లో పూజ చేసిన బొరుగులు, శనగలు, బెల్లం పొట్లం కట్టుకుని వచ్చేవాడు. మరదలు అలివేలుమంగ చేతికిచ్చి, ఆమె ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి, హాలంతా ఒకసారి చూసి, గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో ఎందరు మెచ్చుకున్నా కోదండరాంకు మాత్రం ఆ ఒక్క మనిషి కూర్చోవాలి. ఇల్లు అలంకరించిన ప్రతిసారీ అతని లెక్క అదే.

మొదట సన్నకాళ్ళ సోఫాలు తెచ్చాడు. అప్పుడే పుట్టిన దూడ కాళ్ళలాగా అవి పక్కలకు చాపుకుని నిలబడ్డాయి. మధ్యన మామిడికాయ ఆకారంలో ఒక టీపాయి. ఆదికేశవులు సోఫాను గొడుగుతో పొడిచి చూశాడు.

"ఇది నిలబడేదానికే కష్టపడతా ఉంది. దీనిమీద నేను కూడానా?"

డెబ్బై దాటాక నారింజరంగు రెక్సిన్ కుర్చీలు వచ్చాయి. వాటిలో స్పాంజి ఎంత మెత్తనంటే, మైలాపూరు వకీలు ఒకాయన కూర్చుని లోపలికి దిగిపోయాడు. పైకి కనిపిస్తున్న కళ్ళజోడును బట్టి ఆయన్ని వెతికి లాగవలసి వచ్చింది. అయినా ఆయన బయటపడగానే తన ఇంటికీ అవే కావాలన్నాడు. ఆదికేశవులు మాత్రం దూరంనుంచే దణ్ణం పెట్టాడు.

"పడుకున్నోడన్నా లేస్తాడు. ఈడ కూర్చున్నోడు ఎట్ట లేస్తాడురా?"

ఆ తరవాత గోడ కాగితాల కాలం. హాల్లో ఒక గోడ నిండా అడవి, అడవిలో జలపాతం. దాన్ని చూసిన పిల్లలు ఊరికే బాత్రూం అడిగేవాళ్ళు. నీళ్ళ కరువొచ్చిన వేసవిలో ఎదురింటి అమ్మణి కిటికీలోంచి ఆ జలపాతాన్ని చూసి బిందె తీసుకుని వచ్చింది. మళ్ళీ ఉట్టి బిందెతో పోవడం నామోషీ అని, అలివేలుమంగ దగ్గర చక్కెర అప్పడిగి బిందెలో పోయించుకుని పోయింది. ఆదికేశవులు జలపాతం కేసి చూసి, పంచె కొంచెం పైకెత్తుకుని, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆ పంచె ఎత్తడమే కోదండరాంకు ఎక్కువ గుచ్చుకుంది.

"మీ అన్నకోసరం ఇల్లంతా మారస్తానే ఉండారు. నా గరిటెలు పెట్టుకునేదానికి ఒక మేకు కొట్టమంటే మాత్రం పొందిక చెడిపోతాదంటారు" అంది అలివేలుమంగ.

"ఈ మాటు కూర్చుంటాడు చూడు."

"పోయిన మాటూ ఇదే అన్నారు."

ఎనభై నాలుగు వచ్చేసరికి గాలి తిరిగింది. తాతలు అటకమీద పారేసిన సామాన్లను మనవలు పోటీపడి కొనడం మొదలుపెట్టారు. కోదండరాం జలపాతాన్ని చింపేశాడు. కారైకుడి వైపు పోయి పడగొట్టిన ఇళ్ళ స్తంభాలు, నీళ్ళు కాచే ఇత్తడి అండాలు లారీలో వేసుకొచ్చాడు. అవన్నీ సర్దుతుండగా తట్టింది, తమ కొట్లో గద్దె. పరుపు కుట్టించాడు, తెల్ల దుప్పటి పరిచాడు, దిండ్లు వేశాడు, పాత సామాన్ల అంగట్లో దొరికిన గల్లాపెట్టెను కుడిపక్కన పెట్టాడు. దూరంగా నిలబడి చూసుకున్నాడు. తండ్రి ఇప్పుడే లేచి భోజనానికి వెళ్ళినట్టుంది.

ఆయుధపూజ మర్నాడు ఆదికేశవులు వచ్చాడు. మనిషి బాగా తగ్గాడు. పొట్లం మరదలికిచ్చి, మజ్జిగ అందుకోబోతూ గద్దెను చూశాడు. గ్లాసు అందుకోలేదు. దగ్గరికి వెళ్ళాడు, పంచె సర్దుకున్నాడు, ఒక చెయ్యి మోకాలిమీద వేశాడు.

ఆదికేశవులు ఆగిపోయాడు.

"ఈ గద్దె ఎవురిదిరా?"

"మనదే అన్నా. నీకోసరమే వేసినా. కూర్చో."

"నేనెట్ట కూర్చుంటా? ఇంటి యజమానివి నువ్వు."

"పోనీ ఎదురుగా కూర్చో."

"ఖాళీ గద్దె ఎదురుగా ఎవురన్నా కూర్చుంటారా? దివాలా తీసినోడి కొట్టుకి బాకీవోళ్ళు వచ్చినట్టుంటాది. నాయిన ఉన్నప్పుడు చూడలేదా నువ్వు?"

కోదండరాం చూశాడు. తండ్రి లేచి లోపలికి వెళ్తే, వచ్చిన బేరగాళ్ళు ఆయన తిరిగివచ్చి కూర్చునేదాకా గడపలోనే నిలబడేవాళ్ళు. దిండ్ల కొలత గుర్తుంది, పెట్టె ఎటు ఉండాలో గుర్తుంది, గద్దెకు మనిషి కావాలన్న సంగతి మాత్రం జారిపోయింది. ఇప్పుడు అన్న కూర్చోవాలంటే ముందు తను కూర్చోవాలి. ఇరవై ఏళ్ళకిందట తుమ్ముతూ లేచి వచ్చేసిన చోట, అదీ అన్న చూస్తుండగా.

మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ అలివేలుమంగ మెల్లగా అంది. "ఆ ప్యాంటుతో ఎట్ట కూర్చుంటారు? పంచె తెచ్చేదా?"

"వద్దులే" అన్నాడు కోదండరాం.

పంచెకని లోపలికి పోతే ఈలోగా మనసు మారుతుందని అతని భయం. ఒంటె కూర్చున్నట్టు మూడు మడతలుగా వంగి గద్దె మీదకు దిగాడు. ప్యాంటు ఎక్కడో పిగిలింది. దిండుకు ఆనుకోబోయాడు.

"బేరగాడు నిలబడి ఉండంగా ఆనుకోవద్దు" అన్నాడు ఆదికేశవులు.

కోదండరాం నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు ఆదికేశవులు స్తంభం పట్టుకుని, మెల్లగా తమ్ముడి ఎదుట కూర్చున్నాడు. భుజంమీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. పక్కవాళ్ళకు తెలియకుండా గుడ్డ కింద వేళ్ళు నొక్కి బేరం చెప్పుకోవడం టోకు వ్యాపారుల అలవాటు. అన్న వేళ్ళు ఏదో అడిగాయి. తమ్ముడికి ఆ భాష ఎప్పుడో పోయింది.

"ఏమడగతా ఉండావో తెలీలే అన్నా."

"నోటితోనే చెప్తాలే. నా కొట్లో గద్దె తీసేసి కుర్చీలు వెయ్యాల. మోకాళ్ళు వొంగడంలే. వేస్తావా?"

"నాయిన గద్దె తీసేస్తావా?"

"నువ్వు సుమ్మా, ఊరికే తీసుకుపోయి దాచిపెట్టుకో, నీ యాపారానికి పనికొస్తాది. నాకు చేతులుండే కుర్చీ కావాల. కాళ్ళు లావుగా ఉండాల."

"వేస్తా అన్నా."

మాట అయిపోయింది కాబట్టి లేవాలి. మోకాళ్ళవల్ల అన్న లేవలేకపోయాడు. ప్యాంటు పిగిలిన చోటు అన్న ముందు చూపదగ్గది కాదని తమ్ముడూ లేవలేదు. ఇద్దరూ స్తంభాల గురించి మాట్లాడుకుంటూ కూర్చుండిపోయారు. అలివేలుమంగ కాసేపు చూసి, అన్నం వేళయిందని, రెండు ఆకులు తెచ్చి అక్కడే వేసింది.

కలుపుకుంటుండగా ఆదికేశవులు చేతిలోంచి పులుసు తెల్ల దుప్పటి మీద పడింది. ఆయన తమ్ముడి మొహం చూశాడు. కోదండరాం మరక కేసి చూసి, అన్నకు ఇంకొంచెం పులుసు వడ్డించమన్నాడు.