నలుసును పట్టుకునే పని

నలుసు మళ్ళీ జారిపోయింది. బయట వరండాలో ఎవరో బల్ల ఈడ్చారు, అంతే. ల్యాబ్ అటెండరు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే నాబ్ వెంట్రుకవాసి తిప్పి, గాజుపలక మీది నీటిచుక్కలో దానికోసం వెతికాడు. ఇనుము కలిపిన ఆ పూస మామూలు కంటికి ఆనదు. లేజర్ వెలుగు దాన్ని ఒకచోట నిలిపి ఉంచుతుంది. చుట్టూ ఉన్న రాగితీగ చుట్టల్లో కరెంటు మారుస్తుంటే అయస్కాంతబలానికి గింగిరాలు తిరుగుతుంది. రెండు గంటలు ఆగకుండా తిరిగితే ఒక కొలత. మధ్యలో తలుపు తెరిచినా, గట్టిగా తుమ్మినా వ్యవహారం మొదటికొస్తుంది. అందుకే ఫోన్లన్నీ బయట సొరుగులో పెట్టి రావాలి.

ఇరవై ఆరేళ్ళుగా ఈ కిటికీల్లేని గదిలోనే అతని బతుకు తెల్లారిపోయింది. వంగిన మెడ, కంటికింద నల్లటి చార, ఊపిరి బిగబట్టే అలవాటు మిగిలాయి. పెళ్ళి ఊసే లేదు. తల్లి పోయాక పెంచింది అక్క. నలుసును పట్టుకోడానికి కూడా జీతమిచ్చే మారాజులున్నారా అని వేళాకోళమాడేది. ఆ అక్క ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ఇవాళో రేపో అన్నారు డాక్టర్లు. పొద్దున అతని చెయ్యి ఒక పట్టాన వదల్లేదు.

"ఒంటిగంటకల్లా వచ్చెయ్ తమ్ముడూ. ఒక్కదాన్నే ఉండలేను."

"వచ్చేస్తాలే అక్కా. నేను కాక ఇంకెవరున్నారు నీకు?"

ఇప్పుడు పన్నెండున్నర దాటింది. తాను చూసుకుంటానని, అతన్ని వెళ్ళమని పరిశోధక విద్యార్థిని చెప్పింది. కుర్చీ ఇచ్చి చూశాడు. ఆ అమ్మాయి చేతిలో పూస నిమిషం నిలవలేదు. అతనికి జాలేసింది; నిజం చెప్పాలంటే లోలోపల సంతోషం కూడా వేసింది. తన చెయ్యి లేకపోతే ఇక్కడ పని నడవదన్న గర్వం తప్ప వేరే ఆస్తిపాస్తులేం లేవు మరి. లేవమని తనే కూర్చున్నాడు. మూడింటికి వెళితే మాత్రం అక్క కోప్పడుతుందా అని సర్దిచెప్పుకున్నాడు.

మూడింటికి కొలత పూర్తయింది. విద్యార్థిని అంకెలు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"నీళ్ళు వేడెక్కినట్టున్నాయండీ. ఇది పనికిరాదు. రేపు మళ్ళీ తీద్దాం."

అతను తలూపి బయటికొచ్చి ఫోను తీశాడు. ఆసుపత్రి నుంచి ఏడుసార్లు చేశారు.

అతను వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు. రెండున్నరకే ప్రాణం పోయిందట. ఏడుపు రాలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"చివరిదాకా మీ గురించే అడిగారు పెద్దావిడ," అంది నర్సు. "ఈ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

మంచం పక్కనున్న ఆ ఇనప స్టూలు మీద, బస్సులో సీటు పట్టి ఉంచినట్టు, అక్క తువ్వాలు నాలుగు మడతలుగా పరిచి ఉంది.