తాతయ్య కొలతలు

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది గదిలో తాతయ్య, వంటింట్లో అత్త, సోఫా కింద పిల్లి, ఇంకా పిచ్చుక. పిచ్చుకంటే పక్షి కాదు, తాతయ్య మనవరాలు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయే పిల్ల.

క్రిస్మస్‌కి తాతయ్యకు ఏమివ్వాలా అని ఆమె తెగ బుర్ర బద్దలు కొట్టుకుంది. తొంభై దాటిన మనిషికి ఎప్పుడూ చలే. మడమల దాకా వచ్చే ఉన్ని కోటు కుట్టిస్తే బాగుంటుందని చివరికి తేల్చుకుంది. ముందే చెబితే ముచ్చట పోతుందని, ఆయన కునుకు తీస్తుండగా టేపు పట్టుకుని గదిలోకి దూరింది. భుజాలు కొలిచింది. మెడ నుంచి మడమల దాకా టేపు పరిచేసరికి తాతయ్య కళ్ళు తెరిచాడు.

ఆయన బతుకంతా శవపేటికలు చేసిన వడ్రంగి.

"ఎవరు పంపారే నిన్ను? మీ అత్తేనా?"

"ఎవరూ పంపలేదు తాతయ్యా. ఊరికే..."

"ఊరికే ఎవరూ కొలవరు. పలకరించే వంకతో వెళ్ళి ఎంతమంది కొలతలు తెచ్చానో నేను! నాకే టోపీ పెడతావా? డాక్టరేమన్నాడు, నిజం చెప్పు."

 ఇక దాచి లాభం లేదనుకుంది పిచ్చుక.

"నీకు బహుమతి తాతయ్యా! వెచ్చగా ఉంటుంది. లోపల మెత్తటి గుడ్డ కూడా వేయిస్తాను."

"గుడ్డ కూడానా! డబ్బున్నవాళ్ళకి నేనూ వేసేవాణ్ణిలే."

"అయ్యో, అది కాదు! కోటు, క్రిస్మస్‌కి కోటు!"

"కోటా? కొలతలు దేనికని ఎవరైనా అడిగితే నేను బీరువాకని చెప్పేవాణ్ణి."

తాతయ్య లేచాడు. టేపు లాక్కుని, ఆమెను గడప దాటించి, ధడాలున తలుపు వేసేసుకున్నాడు.