పదో సంతకం

వార్త వచ్చినప్పుడు నేను మేడ మీద మామయ్యతో కలిసి తడి దుప్పటి పిండుతున్నాను. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని ఎదురెదురుగా మెలిపెడుతున్నాం. మామయ్య లిఫ్టులు బాగుచేసే మనిషి. చేతికి తాడు లాంటిది ఏది దొరికినా చివరికంటా బిగించందే ఊరుకోరు. అంతలో కింద వీధిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఒప్పుకున్నారు. అమ్మ నామినేషన్ ఒప్పుకున్నారు."

నేను నా కొస వదిలేశాను. మామయ్య దుప్పటితో సహా రెండడుగులు వెనక్కి వెళ్లి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుండిపోయారు. తడిసిన చొక్కా ఒకసారి చూసుకుని, "మంచి మాటే. కానీ ఈసారి చెప్పి వదులమ్మా" అన్నారు.

నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను. మాకు పెళ్లయి నలభై మూడు రోజులు. ఈ నలభై మూడు రోజుల్లో ఎన్ని చిన్న చిన్న వాటికి మురిసిపోయానో చెబితే నవ్వుతారు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పలకు సన్నగా అంటుకుని ఉండే అద్దాల పొడి. పగిలిన ఏడో మెట్టును నేను చూడకుండానే నా కాలు తప్పించుకోవడం. అయినా ఆ "ఒప్పుకున్నారు" అన్న మాట ఇచ్చినంత హాయి వాటిలో ఏదీ ఇవ్వలేదు. ఎందుకంటే, అది ఒప్పుకోకుండా పోయే పని చేసింది నేనే.

మా అత్తయ్యను ఊరంతా మీటరమ్మ అంటుంది. ఇరవై ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి అంకెలు రాసుకున్న మనిషి. ఏ ఇంటి మీటరు మెట్ల కింద ఉందో, ఏ ఇంటి మీటరు పక్కన కుక్క ఉందో, అది కరిచేదో వట్టినే మొరిగేదో, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కిందటేడు రిటైరయ్యారు. ఈ ఏడు మా శాసనసభ సీటు ఖాళీ అయింది. ఇరవై ఏళ్లుగా ఆ సీట్లో ఉన్న పెద్దాయన, సభ మెట్లు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదని, ఈసారి పోటీ చేయనని చెప్పేశారు. ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎవరికైనా కూర్చోవాలనిపిస్తుంది. నలుగురికి అనిపించింది.

ఒకరు సిమెంటు వ్యాపారి. ఆయన వెనక పెద్ద పార్టీ ఉంది, ఆయన బొమ్మ లేని గోడ ఊళ్లో లేదు. ఇంకొకరు ప్రతి ఎన్నికలోనూ పోటీ చేసే లాయరు. ఆయనది గెలవాలన్న ఆశ కాదు, మానుకోలేని అలవాటు. మూడో ఆయన కళ్లజోళ్ల దుకాణం యజమాని. నాలుగో మనిషి మా అత్తయ్య.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కళ్లజోళ్ల దుకాణంలో పన్నెండేళ్లుగా అద్దాలు అరగదీస్తున్నది మా ఆయనే. పగలంతా ఆ దుకాణంలో పని, సాయంత్రం ఇంట్లో అమ్మ కరపత్రాలు మడతపెట్టడం.

"మీ సారు ఏమన్నారు?" అని అడిగాను మొదటి రోజు.

"'మీ అమ్మకు చెప్పు, నేను తగ్గను' అన్నారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ 'మీ సారుకు చెప్పు, నేనూ తగ్గను' అంది. మధ్యలో నేను పోస్టుమాన్‌ని అయిపోయా."

"మరి నీ ఓటు ఎవరికి?"

"రహస్యం. పెళ్లానికి కూడా చెప్పకూడదని రూలుంది."

అందరి ముందు ఆయనను మీరు అంటాను, ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వు అంటాను. ఆ మార్పు తలచుకుని రోజుకు పదిసార్లయినా నాలో నేనే నవ్వుకుంటాను.

అత్తయ్యకు ఈ పోటీ సరదా కాదు. గుట్ట మీది వీధులకు నీళ్లు సగం రోజులు రావు. ఎక్కడ గొట్టం కారిపోతోందో, ఏ మలుపు దగ్గర నీళ్లు మాయమవుతున్నాయో ఆమె ఏటా అంకెలతో సహా రాసిచ్చారు. "ఇరవై ఆరేళ్లు రాసిచ్చానమ్మా. ఒక్కరూ చదవలేదు. చదివేవాళ్లు లేరు కాబట్టి నేనే వెళ్లి వాళ్ల సభలో నిలబడి చదువుతా" అన్నారు నాతో. అంటున్నప్పుడు గొంతు పెంచలేదు, చేతిలో పని ఆపలేదు. అది చూశాకే నాకు ఆమె గెలవాలని గట్టిగా అనిపించింది.

నామినేషన్‌కు ఈ సీటులో ఓటున్న పదిమంది సంతకాలు కావాలి, పక్కన ఓటరు కార్డు నంబర్లు రాయాలి. మామయ్య, మా ఆయన, నీళ్ల ఆఫీసులో అత్తయ్యతో కలిసి పనిచేసిన ఏడుగురు, మొత్తం తొమ్మిది. పదోది నేనే పెడతానని పేచీ పెట్టాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొత్త ఇంటిపేరుతో సంతకం పెట్టే సందు ఎక్కడ దొరికినా నేను వదలడం లేదు. కూరగాయల చీటీ మీద కూడా పెట్టాను. అందుకే నా కార్డు తీసి, అందమైన దస్తూరితో నంబరు రాసి, సంతకం చేసి, కింద చిన్న గీత కూడా గీశాను. నంబరు నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

నంబరు సరైనదే. ఆ కార్డే ఇక్కడిది కాదు. పుట్టింటి నుంచి నా పుస్తకాలు, బీరువా, రెండు దిండ్లు తెచ్చుకున్నాను గానీ ఓటు తెచ్చుకోవాలని తోచలేదు. అది ఇంకా మా నాన్న వాళ్ల సీటులోనే ఉంది. నేను చదివింది రాజనీతిశాస్త్రం. ఓటరు అర్హతల మీద వచ్చిన పది మార్కుల ప్రశ్నకు నాకు తొమ్మిది మార్కులు పడ్డాయి.

సోమవారం కాగితాలు ఇచ్చినప్పుడు గుమాస్తా సంతకాలు లెక్కపెట్టాడు. పది ఉన్నాయి, ముద్ర వేశాడు. ఒక్కొక్కటే పట్టి చూసేది గురువారం. బుధవారం మధ్యాహ్నం మూడింటికి గడువు ముగుస్తుంది, ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు.

బుధవారం రెండూ పది అయ్యేసరికి మా ఆయన ఫోన్ చేశారు.

"ఒకటి అడుగుతా, సరిగ్గా చెప్పు. నీ ఓటు ఎక్కడుంది?"

"ఇంకెక్కడుంటుంది, నీ దగ్గరే. నలభై రెండు రోజుల కిందటే ఇచ్చేశాగా."

"స్పీకర్లో ఉన్నావు" అన్నారు మా ఆయన మెల్లగా. "సార్ వింటున్నారు."

నేను ఫోన్ పట్టుకుని గోడ వైపు తిరిగిపోయాను, గోడకు మాత్రం నా మొహం కనిపించదన్నట్టు.

"సరసాలు తర్వాతమ్మాయ్" అంది ఇంకో గొంతు, పెద్దగా, తొందరగా. "ముందు నీ కార్డు తీసి నంబరు మొదట్లో ఏ అక్షరాలున్నాయో చదువు."

చదివాను.

"అదే. నోటీసు బోర్డు మీద నలుగురి కాగితాలూ అంటించారు. ఊరు మొత్తం మీద వాటిని చదివినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా. మన సీటు కార్డులన్నిటికీ మొదట ఒకే అక్షరాలుంటాయి. నీవి వేరే. పేరు కొత్తది, నంబరు పాతది. రేపు అధికారి చూశాడంటే పది కాస్తా తొమ్మిదవుతుంది. తొమ్మిదైతే మీ అత్తగారు ఇంట్లో కూర్చోవాలి."

"ఇప్పుడేం చేయాలండీ?"

"మూడింటి దాకా టైముంది. ఒక్కో సంతకానికి ఒక్కో పేజీ కాబట్టి, నీ సంతకం ఉన్న పేజీ ఒక్కటి మార్చి ఇవ్వొచ్చు, అడిగి కనుక్కున్నాను. మీ అత్తగారిని తీసుకుని దుకాణానికి రా. ఎన్నికల ఆఫీసు మాకు ఎదురుగానే."

అత్తయ్య వెనక గదిలో కరపత్రాలు కట్టలు కడుతున్నారు. ఆమెకు ఎలా చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. సగం చెప్పేసరికే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం చెప్పులేసుకుంటూ విన్నారు.

అత్తయ్య నడిస్తే పక్కనున్నవాళ్లు పరుగెత్తాలి. వీధి మలుపు దాకా ఆమె వెనకే పరుగెత్తాను. ఆ తర్వాత అన్నారు, "ఇరవై ఆరేళ్లు అంకెలు చదివి బతికినదాన్ని. నా కాగితం మీద ఉన్న పది అంకెలు నేను చదువుకోలేదు. తప్పు నాదేనే పిచ్చిదానా. కళ్లు తుడుచుకో, దారి కనపడాలి."

ఆ మాటకు నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది, అయితే అది వేరే ఏడుపు.

మేం వెళ్లేసరికి రెండున్నర దాటింది. దుకాణంలో గోడల నిండా అద్దాలు, వాటిలో ఎటు చూసినా ఎర్రబడ్డ కళ్లతో నేనే. మా ఆయన అప్పటికే ఎదురు ఆఫీసు నుంచి ఖాళీ పేజీ తెచ్చి, సంతకం కోసం వేట మొదలుపెట్టారు. అద్దాల కోసం వచ్చినవాళ్లలో ఒకావిడకు ఓటు పక్క సీటులో ఉంది. కళ్లలో చుక్కల మందు వేసుకుని కూర్చున్న ఒకాయన "నేను పెడతా బాబూ" అని లేచారు గానీ, పెన్ను ఎక్కడ ఆనించాలో ఆయనకు కనపడలేదు. కార్డు కూడా ఇంట్లోనే ఉందట. రెండూ నలభై అయింది.

"నీ సంతకం కూడా చూశానోయ్, రెండోది" అన్నారు యజమాని మా ఆయనతో. "బావుంది. నా దగ్గర హాజరు పట్టీలో ఏనాడూ అంత కుదురుగా పెట్టలేదు."

మా ఆయన తల దించుకుని చేతులకు లేని పొడిని తుడుచుకున్నారు.

అప్పుడు బిల్లుల బల్ల దగ్గర కూర్చున్న యజమాని భార్య చెయ్యి చాచింది. "ఆ పేజీ ఇలా ఇవ్వండి."

యజమాని వెనక్కి తిరిగారు. "నువ్వెందుకు?"

"నాకు ఓటుంది, కార్డు సంచిలో ఉంది. ఒకళ్లు ఒక్క కాగితం మీదే పెట్టాలన్నది రూలు కదా. మీ కాగితం మీద నేను పెట్టలేదు."

"పెట్టలేదా?"

"మీరు అడిగారా? వ్యాపారుల సంఘం వాళ్లందరి దగ్గరికీ వెళ్లారు. ఇంట్లో ఉన్న మనిషి కనపడలేదు. దూరపు చూపు బాగానే ఉంది మీకు, దగ్గరి చూపే పరీక్ష చేయించుకోవాలి."

చుక్కల మందాయన గట్టిగా నవ్వారు. ఆయనకు కనపడకపోయినా అన్నీ వినపడుతున్నాయి.

"ఊళ్లో ఏమనుకుంటారే?" అన్నారు యజమాని.

"పోటీలో ఉండమని పెడుతున్నా, గెలవమని కాదు. నా ఓటు సంగతి మీరూ అడక్కండి, ఆవిడా అడక్కూడదు." ఆమె కార్డు చూసి నంబరు రాసింది. అత్తయ్య ఆ నంబరును వేలితో ఒక్కొక్క అంకే చదువుకుంటూ వెళ్లారు, మొదటి అక్షరాల నుంచి చివరిదాకా. ఆ తర్వాతే సంతకం పెట్టనిచ్చారు.

రోడ్డు దాటే ముందు అత్తయ్య యజమాని ఎదుట ఆగారు. "నేను లేకపోతే మీకు మేలు కదండీ. ఎందుకు చెప్పారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు లేకుండా నేను గెలిచాననుకోండి. ఊళ్లో ప్రతివాడూ 'మీటరమ్మ ఉండుంటేనా' అంటాడు. టీ కొట్టు దగ్గర అంటాడు, నా దుకాణంలో కూర్చుని నాతోనే అంటాడు. అయిదేళ్లు ఆ మాట వినడం నావల్ల కాదు. వెళ్లండి, టైమవుతోంది."

రెండూ యాభై ఒకటికి గుమాస్తా ముద్ర వేశాడు. ఆ చప్పుడు కంటే మంచి సంగీతం నేను వినలేదు.

తిరిగి దుకాణానికి వెళ్లి ఆయనకు ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. ధన్యవాదాలు అంటే సన్మాన పత్రంలా ఉంటుంది. మీ మేలు మరవలేను అంటే నాటకంలా ఉంటుంది. ఇంట్లో మనుషులతో అనుకునే మాట ఏదీ దొరకలేదు. చివరికి నోటికొచ్చింది అనేశాను.

"మీరు గెలవాలని కోరుకోలేనండీ. కానీ మీరు ఓడిపోకూడదని కోరుకుంటాను."

"రెండూ కుదరవమ్మాయ్. సీటు ఒక్కటే" అన్నారు ఆయన. అయినా మొహం మాత్రం విప్పారింది. ఆయన భార్య బల్ల అవతల నుంచి నాకేసి కన్నుగీటింది.

ఇక ఈ రోజు గురువారం. అధికారి పదకొండింటికి మొదలుపెట్టి ఒక్కో సంతకం దగ్గరా ఆగాడట. పదో పేరు చదివి, ఒకసారి కళ్లజోళ్లాయన వైపు, ఒకసారి అత్తయ్య వైపు చూశాడట. "ఈవిడ..." అని ఆగితే, "అవునండి, మా ఆవిడే" అన్నారట కళ్లజోళ్లాయన. సిమెంటు వ్యాపారి పక్కనున్న మనిషి చెవిలో ఏదో గొణిగాడట. లాయరు మాత్రం లేచి, నిబంధన ప్రకారం ఇందులో తప్పేమీ లేదని, ఎవరూ అడగకుండానే అయిదు నిమిషాలు వాదించాడట. ఇదంతా మా ఆయన గుమ్మంలో నిలబడి చెబుతుంటే, నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని వింటూ ఉన్నాను. వెనక మామయ్య దుప్పటి భుజాన వేసుకుని మెట్లు దిగారు.

కాసేపటికి అత్తయ్య వచ్చారు. చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చారు. ఇస్తూ ఇస్తూ నా చెయ్యి ఒక క్షణం పట్టుకున్నారు. నా తప్పు ఆ ఇంట్లో ఇక ఎవరూ ఎత్తరని నాకు అప్పుడు తెలిసింది. ఈ ఎన్నికలో నాకు ఇక్కడ ఓటు లేదు, వచ్చే ఎన్నికకు గానీ రాదు. అయినా ఈ ఇంటి మనిషిని కావడానికి దానికోసం ఆగక్కర్లేదు.

"ఇక ప్రచారం ఎక్కడ మొదలుపెడదాం? సంత దగ్గరా?" అన్నారు మామయ్య.

"వద్దు. కళ్లజోళ్ల వాళ్లింట్లో."

మా ఆయన నోరు తెరిచారు. "అమ్మా, ఆయన నీమీద పోటీ చేస్తున్నారు."

"తెలుసురా. నాకెదురు పోటీ చేసినంత మాత్రాన ఆయన గుమ్మం తొక్కకూడదా? సంతకం పెట్టిన మనిషిని ఓటు అడక్కుండా పోతే, ఇంటి మనిషిని అడక్కుండా ఆయన చేసిన పొరపాటే నేనూ చేసినట్టవుతుంది."

"ఓటు సంగతి అడగొద్దని ఆవిడ చెప్పింది కదా?"

"ఎవరికి వేస్తావని అడగొద్దంది. నాకు వెయ్యమని చెప్పొద్దనలేదు. ఆయన తలుపు తీస్తే ఆయన్నీ అడుగుతా. వేస్తే వేస్తాడు, లేకపోతే పోతాడు." అత్తయ్య నావైపు తిరిగారు. "కరపత్రాలు నువ్వు పట్టుకోవాలి. వాళ్లు పొద్దున్నే లేస్తారు. అయిదున్నరకు తయారుగా ఉండు, రేపు ఆరింటికల్లా వాళ్ల తలుపు తట్టాలి."