అరుగుకు పట్టించిన నూనెరంగు

మేస్త్రీ ముక్కు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. మీసాలు రాకముందు నుంచీ వార్నిషులూ టర్పెంటైనూ రంపప్పొట్టూ పీల్చిన ముక్కు, పాపం ఎన్నాళ్లని పనిచేస్తుంది? అతనికి అదొక లోటుగా ఎప్పుడూ తోచలేదు. పొయ్యి మీద పాలు మాడుతుంటే భార్య చూసుకునేది. విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కోవచ్చో లేదో భార్యే చెప్పేది. ఇంటికి ఒక ముక్కు చాలదా అని అతను వేళాకోళమాడితే ఆవిడ ఆ చొక్కా తీసి అతని మొహాన కొట్టేది.

ఇప్పుడు ఆవిడ ఊపిరితిత్తులే పాడయ్యాయి. ఇక తమ చేతుల్లో ఏమీ లేదనీ, ఇంటికి తీసుకెళ్లి ఆవిడ ఏది అడిగితే అది చేసిపెట్టమనీ ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. మేస్త్రీ వరండాలో గోడకేసి తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికి వచ్చాడు. అతని మొహం చూస్తే ఆవిడకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఇంటికెళ్లాక నన్ను గదిలో పడెయ్యకు. వెనక అరుగు మీద కూచోబెట్టు. పైకప్పులు చూసి చూసి మొహం మొత్తింది."

ఆ అరుగు మేస్త్రీ సొంత చేతులతో కట్టిందే. ఇంటి వెనక, నేల మీంచి రెండు మెట్ల ఎత్తులో, బారు చెక్కపలకలు పరిచి, చుట్టూ సన్నని కొయ్య చువ్వలతో కటాంజనం బిగించాడు. ఊరందరి ఇళ్లకూ తలుపులు చేసే మనిషి సొంత ఇంటి వెనక తలుపు తీస్తే బురదలో కాలేయాల్సి వస్తోందని ఆవిడ ఏళ్ల తరబడి దెప్పగా దెప్పగా కట్టాడు. దానికి తేనెరంగు నూనె ఎంచిందీ ఆవిడే. ఆవిడ మంచాన పడ్డాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఎండకీ వానకీ రంగు వెలిసి బూడిద తేలింది, పలకలు గరుకెక్కాయి, చెయ్యి ఆనిస్తే పేడు గుచ్చుకుంటోంది. దాని మీద ఆవిణ్ణి ఎలా కూచోబెడతాడు?

ఆసుపత్రిలో మరదల్ని, అంటే భార్య చెల్లెల్ని, కాపలా ఉంచి మేస్త్రీ రంగుల కొట్టుకు వెళ్లాడు. కుంచెతో అయితే ఒక్క కటాంజనం చువ్వలకే రోజులు పడతాయి. అన్ని రోజులు తన దగ్గర లేవు. అందుకని జీవితంలో మొదటిసారి పంపు స్ప్రేయర్ కావాలని అడిగాడు. కుంచె తప్ప మరోటి ముట్టని మనిషి పంపు అడిగేసరికి కొట్టతను వింతగా చూశాడు.

మూడు రకాలు తీసి ముందు పెట్టాడు. చేత్తో పట్టుకునే బుడ్డిది ఒకటి. అది కుర్చీలకు సరిపోతుంది, అరుగుకు చాలదు. వీపున తగిలించుకునేది ఇంకోటి. అది మొక్కలకు మందు కొట్టేది, దాని లోపలి రబ్బరు నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది. మూడోది నేల మీద నిలబెట్టే డబ్బా. పైన పిడి పట్టుకుని గాలి కొట్టాలి, పొడుగాటి గొట్టం, చివర గొట్టపు మూతి. ఆ మూతికి నూనె విసనకర్రలా పల్చగా పరుచుకునే బిళ్ల బిగించుకోమనీ, గుండ్రంగా చిమ్మేదైతే సగం గాలికే పోతుందనీ చెప్పాడు. రబ్బరు నూనెకు తట్టుకునేదేనా అని మేస్త్రీ విప్పి మరీ చూసుకున్నాడు. పంపు విషయంలో అతనేమీ పొరబడలేదు.

పొరబడింది రంగు దగ్గర. కొట్టతను ఆ మాట కూడా అననే అన్నాడు.

"ఇంట్లో జబ్బు మనుషులుంటే నీళ్లరంగు తీసుకోండి మేస్త్రీ. దానికి వాసనుండదు."

మేస్త్రీ పెడచెవిన పెట్టాడు. నీళ్లరంగు రెండేళ్లకు పొట్టులా లేస్తుందని అతని నమ్మకం. తన చెక్క మీద, అందులోనూ భార్య కూచునే చెక్క మీద, అలాంటిది పూస్తాడా? రెండేళ్ల మన్నిక ఎవరి కోసమని ఆ క్షణాన అతనికి తట్టలేదు. ఇక వాసనంటారా, అది అతని లోకంలోనే లేదు. ఆవిడకు ఇష్టమైన తేనెరంగు నూనె డబ్బాలే కొనుక్కుని వచ్చాడు.

పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడు. గరుకు కాగితం పెట్టి పేళ్లన్నీ రుద్దేసి, కడిగి, ఎండనిచ్చాడు. నూనెను పాత గుడ్డలో వడకట్టి డబ్బాలో పోశాడు. గాలికి చోటుండాలని నిండా నింపలేదు. పిడి బిగుసుకునేదాకా పంపు కొట్టి, ముందు చువ్వలు, తర్వాత పలకలు అందుకున్నాడు. మూతిని జానెడు దూరంలో ఉంచి, ఒక పలక మొదలు నుంచి చివరిదాకా ఆగకుండా కొట్టాలి. కొట్టిన వెంటనే కుంచెతో వెనకాలే దిద్దుకుంటూ రావాలి, లేకపోతే నూనె మడుగు కట్టి జిగురుగా ఉండిపోతుంది. అది ఇద్దరు చేసే పని. పాతరోజుల్లో అయితే కొంగు బిగించి ఆవిడే కుంచె పట్టేది, పైగా అతని పనికి వంకలు పెట్టేది. ఇప్పుడతను కొట్టడం, మోకాళ్ల మీద కూలబడి దిద్దడం, లేచి మళ్లీ కొట్టడం. చీకటి పడే వేళకు అరుగు తేనెలా మెరిసింది. చూసి మురిసిపోయి, ఆవిడ కోసమే కదా అని చేతికి ఎముక లేనట్టు ఇంకో పూత కూడా కొట్టేశాడు.

మర్నాడు ఆవిణ్ణి తెచ్చారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడకు తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. ఊపిరి అందక ఆవిడ కళ్లు తేలేస్తుంటే మరదలు పరుగున వెళ్లి వెనక తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కింది.  ఏమైందని మేస్త్రీ అడిగాడు.

"ఇల్లంతా నూనెకంపు బావా. నీకు తెలియట్లేదా?" అంది మరదలు.

మేస్త్రీ గట్టిగా ముక్కు ఎగపీల్చాడు. ఏమీ తెలియలేదు. తను చేసిన ఘనకార్యం ఏమిటో మాత్రం తెలిసొచ్చింది. పెరట్లోకి పోయి తల బాదుకున్నాడు.

ఆపైన అతను చెయ్యని ప్రయత్నం లేదు. జిగురు తేలిన చోటల్లా పొడిగుడ్డలతో తుడిచాడు. ఫ్యాను తెచ్చి అరుగుకు గాలి పెట్టాడు. పొద్దున లేస్తూనే మరదల్ని అరుగు మీదికి పంపి, వాసన పోయిందా అని అడిగేవాడు. పాపం ఆ పిల్ల ఇంకా కొంచెం ఉంది బావా అనేది. లోపల ఆవిడ గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. అరుగు ముందు ఆరుతుందా, ఆవిడ ముందు పోతుందా అన్నట్టుంది వరస. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా మేస్త్రీ తనను తాను తిట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం మరదలు మందుల కోసం బయటికి వెళ్లింది. ఆవిడ మేస్త్రీని దగ్గరికి పిలిచింది. వెనక తలుపు సందులోంచి గాలి వస్తోందనీ, అందులో ఇక వాసనేం లేదనీ చెప్పింది.

"నిజంగా పోయిందా?"

"పోయింది. తీసుకెళ్లు."

ఇంట్లో ఉన్న ఆ ఒక్క ముక్కునూ నమ్మడం అతనికి పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఎగిరి గంతేసినంత పనిచేసి, కుర్చీలో దిళ్లు సర్ది, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకెళ్లి అరుగు మీద కూచోబెట్టాడు. ఆవిడలో బరువే లేదు. ఎండ మెత్తగా ఉంది. ఆవిడ కటాంజనం మీద చెయ్యేసి నిమిరింది, ఒక చువ్వ అడుగున పూత తగల్లేదని వంక కూడా పెట్టింది. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతుంటే సంతోషమనుకున్నాడు. ఊపిరి చిన్నచిన్నగా, దాచుకున్నట్టు తీస్తుంటే నీరసమనుకున్నాడు.

మరదలు తిరిగొచ్చి వెనక గుమ్మంలోకి అడుగు పెడుతూనే చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నోరు తెరవబోతుంటే అక్క వద్దని వేలు అడ్డంగా ఊపింది. మేస్త్రీ ఆ చెంగునూ చూశాడు, ఈ వేలునూ చూశాడు.

"దానికి జలుబులే," అంది ఆవిడ.

జలుబు చేసినవాళ్లకు వాసన తెలియదని ముక్కు లేని మేస్త్రీకి కూడా తెలుసు. ఎత్తుకుపోదామని వంగాడు. ఆవిడ కటాంజనం చువ్వ గట్టిగా పట్టుకుంది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని అతననుకోలేదు.

"లోపలికెళ్తే మటుకు బతుకుతానా? ఇంకాసేపు ఉండనీ."

ఎత్తుకుపోతే ఆవిడ అడిగిన ఒక్క కోరికా కాదన్నట్టు. కూచోనిస్తే ఉన్న నాలుగు ఊపిర్లూ తన చేత్తో తుంచేసినట్టు. మేస్త్రీ ఎటూ తేల్చుకోలేక ఆవిడ కాళ్ల దగ్గర పలకల మీద కూలబడి, ఆవిడ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ అతని జుట్టులో వేళ్లు పెట్టి కూచుంది. ఎండ గోడెక్కేదాకా అలాగే ఉన్నారు.

ఆవిడ మళ్లీ అరుగు మీదికి రాలేదు. ఆ వారమే పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు ముందుగదిలో కాసేపు కూచుని, ఇరుకనిపించి గాలి కోసం వెనక్కి నడిచేవారు. మేస్త్రీ లేచి వెళ్లి తలుపుకు అడ్డం నిలబడేవాడు. అప్పటికి వాసన పూర్తిగా పోయిందని మరదలు చెప్పింది, పక్కింటివాళ్లు చెప్పారు, రంగుల కొట్టతను వచ్చి వంగి పలకలు వాసన చూసి మరీ చెప్పాడు. ఎవరు చెప్పినా మేస్త్రీ తల అడ్డంగా ఊపేవాడు.

"ఇంకా పోలేదండీ," అనేవాడు. "లోపల కూచోండి."