సగం బలం

పడవ ఇంజన్లు బాగుచేసే ఆ మెకానిక్‌కి నీళ్లంటే చచ్చే భయం. ఈత రాదు. ఆయన ఒక్కగానొక్క కూతురు మాత్రం స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు ఈత నేర్పుతుంది. ఎక్కడో చెరువులో తిరిగిన పాత జెట్ స్కీ ఒకటి కొనుక్కొచ్చి ఆ అమ్మాయి షెడ్డులో దింపింది. నీళ్ల మీద పరిగెత్తే ఆ మోటారు బండి కూర్చుని నడిపేది కాదు, నిలబడి నడిపేది.

"దీన్ని సముద్రం అలల మీద నడపాలి నాన్నా. నువ్వే రెడీ చేసిపెట్టాలి."

కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇంకొకరి చేతిలో పెట్టడం అంతకన్నా ఇష్టం లేదు. ఇక సాయంత్రాలన్నీ దానికే సరిపోయాయి. అల మీద పడితే లోపలికి నీళ్లు పోకుండా ఇంజను మూతకు కొత్త రబ్బరు అంటించాడు. అయినా పోతే బయటికి తోడెయ్యడానికి చిన్న పంపు పెట్టాడు. ఎగిరిపడ్డా కదలకుండా బ్యాటరీని బిగించాడు. కూతుర్ని నిలబెట్టి పాదాలు కొలిచి, జారకుండా పట్టుకునే పట్టీలు కుట్టించాడు.

"ఆ బండిని తుడిచినంత శ్రద్ధగా ఒక్కరోజన్నా మన స్టవ్వు తుడిచారా?" అని భార్య దెప్పింది.

"స్టవ్వు మీద మన పిల్ల నిలబడదు కదే!"



అన్నీ అయ్యాక, ఎవరూ చూడకుండా ఆయన ఇంకో పని చేశాడు. వేలితో నొక్కే యాక్సిలరేటర్ సగానికి మించి కదలకుండా ఓ స్క్రూ బిగించాడు. మెల్లగా పోయేదానికి ప్రమాదం ఏముంటుందిలే అనుకున్నాడు.

ఆదివారం ముగ్గురూ ఒడ్డుకు వెళ్లారు. పసుపు హెల్మెట్ పెట్టుకుని, పడితే ఇంజను ఆపేసే తాడును మణికట్టుకు తగిలించుకుని అమ్మాయి నీళ్లలోకి దిగింది. మొదటి అల చిన్నది, దాటేసింది. రెండోది గోడలా లేచింది. దాని మీదికి ఎక్కబోయిన బండి ఊపు చాలక వెనక్కి జారింది. అల విరిగి మీద పడింది. అమ్మాయీ బండీ నురుగులో కలిసిపోయారు.

మెకానిక్ ఈత రాదన్న సంగతే మరిచిపోయి నడుంలోతు దాకా పరిగెత్తాడు. అప్పటికే కూతురు దగ్గుతూ లేచి బండిని లాక్కొస్తోంది.

"ఎంత నొక్కినా సగం దగ్గరే ఆగిపోతోంది నాన్నా. ఎందుకలా?"

అబద్ధం చెబుదామనుకుని మానుకున్నాడు. "నేనే స్క్రూ బిగించి ఆపాను తల్లీ. స్పీడుగా వెళ్తే పడతావేమోనని."

"అల ఎక్కాలంటే స్పీడే కావాలి. అది లేకే పడ్డాను." ఆ గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువుంది. "భయమేస్తే నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే మానేస్తావా?"

"మానను. కానీ ఎంతదాకా వెళ్లమంటే అంతదాకే వెళ్తాను."

భార్య తువ్వాలు కూతురి భుజాల మీద కప్పుతూ, "ముందు ఆ స్క్రూ పీకండి. మీ ప్రేమ పాడుగాను!" అంది.

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని పీకాడు. తడిచేతుల్లో స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. యాక్సిలరేటర్ చివరిదాకా నొక్కి చూసి, "నాకు కనబడేంత దూరంలోనే ఉండు," అన్నాడు.

"అలాగే."

అమ్మాయి వెనకే ఆయనా కొంతదూరం నీళ్లలోకి నడిచాడు. ఈసారి పెద్ద అల రాగానే ఇంజను గట్టిగా అరిచింది. బండి అల మీదికి పాకి, గాల్లోకి లేచి, అవతల పడింది. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత అల అవతల పసుపు హెల్మెట్ కనబడింది. అమ్మాయి బండి తిప్పి, వెనకొచ్చే అల మీదే జారుకుంటూ నవ్వుతూ వచ్చేస్తోంది.

"చూశారుగా, ఇక ఒడ్డుకు రండి," అని భార్య కేకేసింది.

"ఇంకొక్కటి చూసి వస్తానే," అన్నాడు మెకానిక్, మోకాళ్ల లోతు నీళ్లలోంచి కదలకుండా.