తమ్ముడి ఆల్బమ్‌లో అక్క గిటారు

తమ్ముడి ఆల్బమ్ బాగుందో లేదో తేల్చాల్సింది అక్కే. ఆమె ఊఁ అంటే రేపు విడుదలకు పంపుతాడు, లేదంటే అటకెక్కిస్తాడు. ఇంకెవరి మాటా వాడి చెవికెక్కదు. పేరుకి రాక్ సంగీతమే గానీ ముప్పాతిక వంతు కీబోర్డులే. పాటలు ఒక్కోటీ ఓ కథంత పొడుగు. మిగిలిన ఆ పాతికలో అక్క గిటారు ఉంది. వేళ్లు కాయలు కాచేదాకా వాయించింది.

ఎదురుగా ఉంటే మొహమాటపడతావంటూ, పాటలు పెట్టేసి, ఆమెను స్టూడియో గదిలో వదిలి తమ్ముడు తలుపు మూసుకుని పోయాడు. అద్దానికి అవతల కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అక్కడికి లోపలి శబ్దం చీమంతైనా వినిపించదు.

మొదటి పాట అయిపోయింది. గిటారు రాలేదు. రెండో పాటలోనూ రాలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మాటమాత్రమైనా చెప్పకుండా తీసిపారేశాడన్నమాట, వెధవ. పైగా అద్దంలోంచి బెరుగ్గా నవ్వుతున్నాడు. లేచి వెళ్లి చెంప పగలగొట్టాలనిపించింది.

మూడో పాట ఆమెను లేవనివ్వలేదు. అడుగున ఆర్గాన్ మెల్లగా నడుస్తుంటే, పైన పియానో దారి తప్పింది, బెదిరింది, తడుముకుంటూ ఇల్లు చేరింది. అక్కడ తన గిటారు ఎంత హడావిడి చేసేదో ఆమెకు గుర్తే. ఆ బెదురంతా దాని కింద పడి నలిగిపోయేది. తను లేని పాటే బాగుంది. ఏడుపొచ్చింది. ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

పాటలన్నీ అయ్యాక తమ్ముడు తలుపు సందులోంచి తల పెట్టాడు.

"నీ గిటారు మరీ ఎక్కువైందా అక్కా? మూడో పాటలో నేనే కాస్త పెంచాను."

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వాయిద్యాల శబ్దాలు కలిపే మిక్సర్ వైపు చూసింది. గిటారు అని చీటీ అంటించిన చోట, శబ్దం ఆపే బటన్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. నిన్న కీబోర్డులు సరిచేసుకోవడానికి గిటారును ఆపి, మళ్లీ తెరవడం మరిచిపోయాడు మహానుభావుడు. వాడు తీసెయ్యలేదు. పెంచాడు కూడా.

బటన్ జానెడు దూరంలో ఉంది. నొక్కేసి, బాగుందిరా అంటే చాలు. వాడికి ఈ జన్మలో తెలియదు. ఆమె వేలు బటన్ దాకా వెళ్లింది. మింగలేక, కక్కలేక అక్కడే ఆగింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లోపలికొచ్చి కూర్చో. మూడోది ఇద్దరం విందాం."

వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. గిటారు రావాల్సిన చోట రాకపోయేసరికి గతుక్కుమని బటన్ మీదికి చెయ్యి చాచాడు. అక్క ఆ చేతిని పట్టుకుని, పాట అయ్యేదాకా వదల్లేదు.